మట్టిరంగనుకుని అల్లిన శాలువా

ఒక ఉదయం మా మిద్దె మీద తడి శాలువాను ఎత్తలేకపోయాను. ఒంట్లో ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది అప్పుడే.

నేను క్రోషియాతో శాలువాలు అల్లుతాను. మా నాయన రైల్వేలో పని చేసేవాడు. గుంతకల్లు క్వార్టర్లలో పెరిగేటప్పుడు పక్కింటి ఆంటీ ఒకావిడ నాకు ఆ కొక్కెం సూది పట్టుకోవడం నేర్పింది. పెళ్ళై ముదిగుబ్బ వచ్చాక కూడా మానలేదు. ఇంత ఎండల ఊళ్ళో శాలువాలు ఎవరికని నవ్వినవాళ్ళున్నారు. చలికాలంలో తెల్లవారుజామున ఇక్కడ బస్సు కోసం నిలబడితే ఆ మాట అనరు. నూలు దారంతో పలుచగా అల్లితే ఎండాకాలంలో కూడా భుజాన వేసుకోవచ్చు. నాకోసం కొన్ని అల్లుకున్నాను. మిగతావన్నీ నాకు కావలసినవాళ్ళకే. ఎవరికి అల్లుతున్నానో తెలిస్తే గానీ నాకు డిజైను తట్టదు.

ఆ రోజుది మా చిన్నాయన కూతురి పెళ్ళికని అల్లిన ఎర్ర శాలువా. ఉతికి, ఆకారం నిలవడానికి నవారు మంచం మీద పరిచి ఆరబెట్టాలి. బకెట్లోంచి తీయబోతే వీపు మధ్యలో మేకు దిగినట్టయింది. శాలువా మళ్ళీ నీళ్ళలో పడిపోయింది. గోడ పట్టుకుని చాలాసేపు అలాగే వంగి నిలబడ్డాను.

మాది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. నేనూ మా ఆయనతో పాటు సరుకు సర్దుతాను కాబట్టి, ఊళ్ళో డాక్టరు మొదట అడిగింది అదే.

“మూటలేమన్నా ఎత్తినావా అమ్మా?”

“ఎత్తినా సార్.”

“కండ పట్టేసింది. వారంలో పోతుంది.”

ఇంజెక్షను, మాత్రలు, పూసుకునే జెల్ ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత నడుముకు బెల్టు వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. నిద్రలో చెమటకు జాకెట్టు తడిసిపోయేది. మా అత్తకు చెబితే, “ఎండాకాలం వస్తాండాది. చెమట పట్టక ఏం పడతాది?” అన్నది. నాకూ అదే నిజమనిపించింది. చీర కుచ్చిళ్ళు ఒకటికి రెండు ఎక్కువ వస్తున్నా చిక్కిపోతున్నానని కూడా అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం బస్టాండు వైపు పోతున్నాను. వెనక నుంచి ఎవరో పిలిచారు. “అక్కా, నీ చెప్పు ఈడ పడిపోయినాది చూడు.”

తిరిగి చూస్తే ఒక చెప్పు చాలా దూరంలో పడి ఉంది. అంత దూరం ఒక్క చెప్పుతో నడిచాను. రోడ్డు కాలిపోతోంది. నా కుడి పాదానికి ఆ వేడి తెలియలేదు. ఆ అమ్మాయి చెప్పు తెచ్చి కాలి దగ్గర పెట్టింది. పాదాన్ని అందులో దూర్చడానికి కిందికి చూస్తూ దూర్చాల్సి వచ్చింది. అప్పుడు భయపడ్డాను.

మరుసటి రోజే అనంతపురం పోయాం. స్పైన్ డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసి, అరికాలు గీసి చూసి, “ఎంఆర్ఐ ఈరోజే తీయించండి” అన్నాడు. ఆ గది చల్లగా ఉంది. నేను కప్పుకున్న శాలువా చూసి టెక్నీషియన్, “ఇందులో జరీ గిరీ ఉందా అమ్మా?” అని అడిగాడు. వట్టి నూలేనని చెప్పాను. కప్పుకోనిచ్చాడు. ఆ గొట్టం లోపల కదలకుండా పడుకున్నప్పుడు, ఎప్పుడెప్పుడు బయటికి లాగుతారా అని ఎదురుచూశాను. ముందున్న నెలలతో పోలిస్తే ఆ గొట్టం ఏమీ కాదని అప్పుడు తెలియదు.

డాక్టరు ఫిల్ములు లైటుకు పెట్టి చూపించాడు. “ఈ రెండు వెన్నుపూసలు చూడండి, తినేసినట్టున్నాయి. పక్కన చీము చేరింది. స్పైనల్ కార్డ్ మీద ప్రెషర్ పడుతోంది. పాట్స్ స్పైన్ అంటాం. అంటే వెన్నెముక టీబీ. బయాప్సీతో కన్ఫర్మ్ చేసుకుందాం.”

“నాకు దగ్గే లేదు కదా సార్?”

“ఊపిరితిత్తులకే రావాలని లేదమ్మా. మీ లంగ్స్ క్లియర్. మీ వల్ల ఎవరికీ అంటదు. మందులకు లొంగుతుంది. కానీ మందులు ఏడాది పైనే వాడాలి. మొదటి నెలలు కంప్లీట్ బెడ్ రెస్ట్. లేవకూడదు, కూర్చోకూడదు. కాళ్ళ బలం ఇంకా తగ్గితే ఆపరేషన్ ఆలోచిద్దాం.”

బయాప్సీ రిపోర్టులో టీబీ అనే వచ్చింది.

ఇంటికి వచ్చిన రోజు మా అత్త అంగడి తలుపు దగ్గరగా వేసి, మా ఆయనతో తగ్గు గొంతుతో మాట్లాడింది. వెనక గదిలో పడుకున్న నాకు అంతా వినబడుతోంది.

“శీనా, టీబీ అని ఎవురికీ చెప్పొద్దు. ఇంట్లో టీబీ ఉండాదంటే మన అంగట్లో బియ్యం ఎవురు కొంటారు? డిస్క్ జరిగినాదని చెప్పు.”

“డాక్టరు అంటదన్నాడు కదమ్మా.”

“డాక్టరొచ్చి నిలబడి చెప్తాడా గిరాకీలకు?”

అలా నాకు డిస్క్ జరిగింది. వీధి వైపు కిటికీ మూశారు. పెరటి వైపు కిటికీ ఒక్కటే, అదీ సగం రెక్క తెరిచి ఉండేది. అందులోంచి గుట్ట మీది గాలిమర రెక్క ఒకటి కనిపించేది. పైకి వచ్చి, పక్కకు వాలి, మాయమయ్యేది.

మా ఇంటికి బండల కప్పు. చైత్రం, వైశాఖం ఆ బండల కిందే గడిపాను. పగలంతా కాగిన బండలు రాత్రంతా వేడి వదిలేవి. అటు ఇటు తిరగాలంటే దుంగను దొర్లించినట్టు భుజం, నడుము, కాళ్ళు ఒక్కసారే తిప్పాలి. దానికి ఇద్దరు కావాలి. తినిపించేది అత్త. తల దువ్వేది అత్త. బెడ్ ప్యాన్ పెట్టి తీసేది అత్త. ఆమె చేసేటప్పుడు నేను కప్పు వైపు చూసేదాన్ని. ఆమె గోడ వైపు చూసేది. మందులకు ఒంటేలు నారింజ రంగులో వచ్చేది. మొదటిసారి చూసి ఆమె భయపడింది, నెత్తురనుకుని. మాత్రల వల్లేనని డాక్టరు చెప్పాడని నేను అంటే, “అట్లనా” అని ప్యాన్ తీసుకుని పోయింది. అంతకు మించి మాటలుండేవి కావు.

అంగట్లో మనుషుల మాటలు మాత్రం రోజంతా వినిపించేవి. వానల గురించి, శనక్కాయ ధర గురించి, ఎవరి బోరు ఎండిపోయిందో దాని గురించి. “సరోజక్క యాడుందన్నా, కనబడలే?” అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. “డిస్క్” అనేవాడు మా ఆయన. గోడకు ఇవతల ఉండి నేను దగ్గు వచ్చినా ఆపుకునేదాన్ని. నాకు ఉన్న టీబీ దగ్గు టీబీ కాదు. మామూలు దగ్గు వచ్చినా భయమే.

చేతులు కదపవచ్చా అని డాక్టరును ఫోనులో అడిగించాను. “వీపు కదలకుండా ఏమైనా చేసుకోమ్మా” అన్నాడు. మా ఆయన నా దారం సంచి తెచ్చి మంచం పక్కన పెట్టాడు.

పడుకుని శాలువా అల్లడం కుదరదు. నాలుగు వరుసలు కాగానే అల్లిక బరువు ఛాతీ మీద పడుతుంది. చేతులు పైకెత్తి ఉంచితే భుజాలు గుంజుతాయి. అందుకని అరచేతంత చదరపు ముక్కలుగా అల్లడం మొదలుపెట్టాను. ఒక్కో ముక్కా ఒక్కో పని. ఒకటి అయిపోతే పక్కన పెట్టవచ్చు. లేచి కూర్చోగలిగిన రోజు అన్నీ కలిపి కుట్టవచ్చు. పైన బండలు ఒకదానికొకటి ఎలా అమిరాయో చూసి ముక్కల అమరిక అనుకున్నాను. అన్నీ ఒక కొలత కావు, ఒక పెద్దది, పక్కన రెండు చిన్నవి. ఎవరన్నా చూడ్డానికి వస్తే మెడ దాకా కప్పుకోవడానికి నాకొకటి, మాత్రలు తెచ్చిచ్చే ఆశా కార్యకర్తకు ఒకటి అల్లాను. ఆమె తన చేత్తోనే ముక్కలు కలిపి కుట్టుకుని తీసుకుపోయింది.

మూడోది అత్తకు అల్లాలనుకున్నాను. మా మామ పోయి చాలా ఏళ్ళయింది. అప్పటి నుంచి ఆమె తెలుపు, బూడిద, మట్టిరంగు తప్ప వేరే రంగు ఒంటి మీద వేయలేదు. ఇన్ని నెలలు నా పనులన్నీ చేసిన మనిషికి ఏం ఇస్తే సరిపోతుందో నాకు తెలియలేదు. శాలువా ఒక్కటే నాకు చేతనయింది. మట్టిరంగు, బూడిద రంగు దారం తెప్పించుకుని చెప్పకుండా మొదలుపెట్టాను. వానాకాలం వచ్చి పోయింది, మాకు వాన పడినట్టే లేదు. నా కాళ్ళలో బలం కొంచెం కొంచెంగా తిరిగి వస్తోంది. ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు అన్నాడు. అయినా నాకెందుకో గది ఇంకా చీకటి పడినట్టుండేది. కిటికీ రెక్క ఇంకొంచెం తెరవమనేదాన్ని. తెరిచే ఉందనేవాళ్ళు. దోసె మీద ఎర్రకారం కూడా బురద పూసినట్టు కనిపించేది. నోరు చేదుగా ఉంది కాబట్టి కళ్ళకూ అలాగే ఉందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అత్త పక్క దులుపుతూ దిండు కింద దాచిన ముక్కలు బయటికి తీసింది. చాలావరకు అయిపోయాయి. మంచం మీద పరిచి చూసింది.

“ఎవురికే ఇది?”

“నీకే అత్తా.”

ఆమె ఒక ముక్కను చేతిలోకి తీసుకుంది. తర్వాత గొంతు మారింది. “నాకా? మొగుడు పోయినదానికి ఎర్ర శాలువానా? ఎగతాళి చేస్తాండావా నన్ను?”

“ఎరుపు యాడుండాది అత్తా? మట్టిరంగు, బూడిద. నీకని ఏరి తెప్పించినా.”

“నా కండ్లు పోయినాయంటావా? కుంకం మాదిరి ఉండాది. ఇన్ని నెలలు నీ ఉచ్చ ఎత్తిపోసినందుకు ఇదా నువ్వు నాకిచ్చేది?”

ముక్కలన్నీ నా పొట్ట మీద విసిరేసి వెళ్ళిపోయింది. నాకు కూడా కోపం వచ్చింది. ఆమెకు నా పనులు చేసి చేసి విసుగొచ్చింది, గొడవకు ఏదో ఒకటి కావాలి అనుకున్నాను. లేచి పోయి అడగలేను కదా. ఒక ముక్కను కిటికీ వెలుగుకు పట్టి చూశాను. మట్టిరంగే.

ఆ పూట అన్నం మా ఆయన తెచ్చాడు. ముక్క ఆయన చేతికిచ్చాను. “ఇది ఏం రంగు?”

“ఎరుపు.”

“సరిగ్గా చూసి చెప్పు.”

“ఎరుపే సరోజా. పెళ్ళి శాలువాలో మిగిలిన దారం కదా ఇది.”

ఆయన కంచం కింద పెట్టి సంచిలోంచి ఉండలు ఒక్కొక్కటే తీసి చూపించాడు. నేను చెబుతూ పోయాను. మట్టిరంగు. మట్టిరంగు. బూడిద. మళ్ళీ మట్టిరంగు. ఆయన లేచి, నెలల తరబడి మూసి ఉన్న వీధి కిటికీ రెండు రెక్కలూ తోసి తెరిచాడు. ఎండ నేరుగా మంచం మీద పడింది.

“ఇప్పుడు చెప్పు.”

అవే చెప్పాను. ఆయన చేతిలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, మట్టిరంగు అని తర్వాత తెలిసింది. ఆయన ముఖం ఎలా ఉందో చూద్దామని చూస్తే, ముఖం మధ్యలో పొగ కమ్మినట్టుంది. చెవులు, జుట్టు కనబడుతున్నాయి. కళ్ళు కనబడలేదు.

డాక్టరుకు ఫోన్ చేస్తే ఆ సాయంత్రపు మాత్రలు వేసుకోకుండా వెంటనే రమ్మన్నాడు. అంబులెన్సు మాట్లాడుకుని, పడుకోబెట్టే తీసుకుపోయారు. కంటి డాక్టరు రంగు చుక్కల్లో నంబర్లుండే పుస్తకం ముందు పెట్టి, “ఏ నంబరు కనిపిస్తోంది?” అని అడిగాడు.

“నంబరు లేదు సార్, వట్టి చుక్కలే.”

పేజీ తిప్పాడు. అదీ చుక్కలే. ఇంకొకటి. అదీ అంతే.

“టీబీ మందుల్లో ఇథాంబుటాల్ అని ఒకటుంది. కొద్దిమందికి అది ఆప్టిక్ నర్వ్‌ను దెబ్బతీస్తుంది. ముందు ఎరుపు, పచ్చ తేడా పోతుంది. చాలామంది చదవలేకపోయిన తర్వాత గానీ రారు. మీరు ఎలా గమనించారు?”

“మా అమ్మ కొట్లాడినాది సార్” అన్నాడు మా ఆయన.

డాక్టరు నవ్వలేదు. “మీ అమ్మగారికి నా థ్యాంక్స్ చెప్పండి” అన్నాడు.

చూపు తిరిగొస్తుందా అని అడిగాను. “చాలామందికి వస్తుంది. నెలలు పడుతుంది. పూర్తిగా వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను.”

స్పైన్ డాక్టరు ఆ మాత్ర ఆపి, దాని బదులు ఇంకొకటి రాశాడు. “ఆపింది ఒక్క మందునే. జబ్బు ఇంకా ఉంది. మిగతావి ఒక్కరోజు కూడా మానకండి” అని గట్టిగా చెప్పాడు.

మందు ఆపగానే చూపు బాగవుతుందనుకున్నాను. మొదట ఇంకా తగ్గింది. ఫోను చదవలేను. సూది కొక్కెం కనబడదు. గాలిమర రెక్క కూడా కనబడదు. ఇదివరకు మంచానికి కట్టేసినా కళ్ళయినా బయటికి పోయి వచ్చేవి. ఇప్పుడు అవీ పోయాయి. పగలు ఊపిరి ఆడనట్టయ్యేది, తలుపు తీసే ఉన్నా. మాత్రలే కదా నన్ను ఇలా చేశాయని, ఒక పొద్దున అత్త మాత్రలు తెస్తే నోరు తెరవలేదు.

“నాకొద్దు. ఏమన్నా కానీ” అన్నాను.

గొడవ తర్వాత ఆమె నాతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. ఆ రోజు స్టూలు లాక్కుని కూర్చుంది.

“నువ్వొక్కదానివే ఉండావని అనుకుంటాండావా ఈ రూములో? నేనూ ఉండా. నీకు బాగలేనికాణ్ణించి మా అక్క ఇంటికి పోలే, గుడికి పోలే. పోతే ఎవురన్నా అడుగుతారని భయం. టీబీ అని చెప్పొద్దన్నది నేనే. ఆ మాట నన్నే కట్టేసినాది. నువ్వు మింగితే ఇద్దరం బయటపడతాం. మింగకపోతే ఇద్దరం ఈడనే.”

ఆమె ముఖం నాకు కనబడలేదు. మాత్రలున్న చెయ్యి కనబడింది. నోరు తెరిచాను.

ఆ వారమే ఆమె ఎదురింటి ఆమెకు చెప్పేసింది. “మా కోడలికి ఎముక టీబీ. డిస్క్ కాదు. అంటేది కాదంట” అని వీధిలో నిలబడి చెప్పడం గదిలోంచి విన్నాను. కొందరు గిరాకీలు కొన్నాళ్ళు వేరే అంగడికి పోయారు. కొందరు రాలేదు, ఇప్పటికీ. వీధి కిటికీ మాత్రం మళ్ళీ మూయలేదు.

అల్లిక వేళ్ళతోనే మొదలుపెట్టాను. కళ్ళు లేకుండా గొలుసు కుట్టు వస్తుంది, చదరం మూలలు మాత్రం తప్పుతాయి. అత్త స్టూలు మీద కూర్చుని బియ్యం ఏరుతూ ఉండలు అందించేది. “ఇది పచ్చ. ఇది తెలుపు. నీకు కనబడినట్ల కాదు, నేను చెప్పినట్ల అల్లు” అనేది. నేను చేసిన తప్పు మూలలు ఆమె వేలితో చూపించేది. కుట్టు ఆమెకు తెలియదు గానీ, వంకర తెలుసు.

ఆ ఎర్ర ముక్కలు విప్పేసి మళ్ళీ అల్లుతానన్నాను.

“విప్పొద్దులే” అన్నది. ముక్కలన్నీ ఒకచోట పేర్చి, “బయటికి కప్పుకోను. ఇంట్లో కప్పుకుంటా” అన్నది.

నేను వీపుకు బ్రేసు కట్టుకుని మొదటిసారి కూర్చున్న రోజు తల తిరిగి వాంతి అయింది. మరుసటి రోజు కొంచెం ఎక్కువసేపు కూర్చున్నాను. తర్వాత వాకర్. గది గడప దాటడానికి చాలా రోజులు పట్టింది, అంగట్లోకి రావడానికి ఇంకొన్ని. రంగులు అంతకంటే నెమ్మదిగా వచ్చాయి. ముందు పొగ పలచబడింది. తర్వాత పచ్చ. చివరికి ఎరుపు. చుక్కల పుస్తకంలో మొదటిసారి నంబరు చెప్పినప్పుడు నాకంటే కంటి డాక్టరే ఎక్కువ సంతోషపడినట్టున్నాడు. కుడి కన్ను దాదాపు బాగయింది. ఎడమ కంటికి ఎరుపు ఇప్పటికీ వెలిసినట్టే ఉంటుంది. అది అంతేనని చెప్పారు.

మందుల కోర్సు పూర్తయింది. చివరి ఎంఆర్ఐ చూసి డాక్టరు, “ఎముక అతుక్కుంది. వంగి బరువులు ఎత్తొద్దు, జీవితాంతం” అన్నాడు. మూటలు ఎత్తను. తడి శాలువా ఆరేయాలన్నా మా ఆయన బకెట్లోంచి తీసి ఇవ్వాలి. పొద్దున రెండు గంటలు అంగట్లో కూర్చుంటాను. వీపు నొప్పి పెడితే లోపలికి వెళ్ళి పడుకుంటాను. ఆ మంచం మీద పడుకుంటే ఇప్పటికీ ఛాతీ బిగుస్తుంది. అందుకని మంచాన్ని వీధి కిటికీ కిందికి జరిపించాను. పూర్తిగా పోలేదు గానీ, లేవాలనుకున్నప్పుడు లేవగలనని నాకు నేను చెప్పుకుంటాను, లేచి చూసుకుంటాను.

ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరికైనా టీబీ మందులు మొదలైతే ఆశా కార్యకర్త నా దగ్గరికి పంపిస్తుంది. వాళ్ళకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. ఇథాంబుటాల్ వాడుతున్నంత కాలం వారానికోసారి పగటి వెలుగులో కూర్చుని, ఒక ఎర్రటి వస్తువు, ఒక పచ్చటి వస్తువు పక్కపక్కన పెట్టుకోండి. ముందు ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. ఎరుపు వెలిసినట్టున్నా, అక్షరాల మధ్యలో మసక కనిపించినా, గదిలో వెలుతురు తక్కువని సర్దుకోకండి. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ఏ మాత్ర ఆపాలో, ఏది ఆపకూడదో ఆయన చెబుతాడు. మీ అంతట మీరు దేన్నీ ఆపకండి. ఇంట్లో ఎవరైనా ఆ రంగు నువ్వనుకున్నది కాదని కొట్లాడితే, కోపం పక్కనబెట్టి ఇంకొకరిని అడగండి.